అమ్మ నిద్రగోలీ నేనే మాన్పించాను, మూడో రోజు ఫిట్స్ వచ్చాయి: నా అనుభవం

మా అమ్మకి 64 ఏళ్ళు. బీపీ తప్ప వేరే జబ్బు లేదు, మా ఇంట్లో ఫిట్స్ ఎవరికీ ఎప్పుడూ లేవు. అలాంటిది 2024 నవంబర్ 15న, కార్తీక పౌర్ణమి సాయంత్రం మియాపూర్‌లో మా బాల్కనీలో తులసికోట ముందే పడిపోయింది. కారణం నేను. ఈ మాట రాయడానికి ఇన్ని నెలలు పట్టింది, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి కూడా మొన్నమొన్నటిదాకా సగమే చెప్పాను.

2015లో నాన్న పోయాక అమ్మకి నిద్ర పట్టేది కాదు. అప్పుడు నిజామాబాద్‌లో ఒక డాక్టర్ ఆల్ప్రజోలామ్ అనే మాత్ర 15 రోజులకి రాశారు. 15 రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. చిట్టీ చిరిగిపోయి ఎన్నేళ్ళయిందో, మెడికల్ షాపు అబ్బాయికి అమ్మ మొహం చూస్తే చాలు, స్ట్రిప్పులు కవర్లో వేసి ఇచ్చేవాడు. రాత్రి ఒకటి వేసుకుంటుందని మాత్రమే నాకు తెలుసు. అదీ "చిన్న గోలీ" అనేది, మేమూ దాన్ని మందుల లెక్కలో వేయలేదు.

తమ్ముడి భార్యకి నవంబర్ నెలాఖరున డెలివరీ అన్నారు. అమ్మ టికెట్ 19వ తేదీ మంగళవారానికి తీశాం. 10న ఆదివారం అమ్మ మా ఇంటికి వచ్చింది. 12న రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, అక్కా, అమ్మ మందుల్లో నిద్రమాత్రలుంటే తీసెయ్, ఇక్కడ ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారట అన్నాడు. అది నిజమే, యూఏఈలో ఇలాంటి మాత్రలకి ముందే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆన్‌లైన్లోనే పెట్టుకోవచ్చు. ఆ సంగతి నాకు మార్చిలో తెలిసింది. ఆ రాత్రి నాకు తెలిసింది ఒక్కటే: పట్టుకుంటారు. ఎలాగూ ఏళ్ళ తరబడి నిద్రమాత్రలు మంచివి కావని అంటారు కదా, ఇంకా వారం టైముంది, ఈలోపు మాన్పించేస్తే మాత్ర లేకుండా ఉండటం అలవాటు పడిపోతుంది అనుకున్నాను. అమ్మ 9 గంటలకి మాత్ర వేసుకోగానే డబ్బాలోంచి ఉన్న స్ట్రిప్పులన్నీ తీసి బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టేశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

మర్నాడు రాత్రి నిద్రలేదు. పాలల్లో జాజికాయ అరగదీసి ఇచ్చాను. రెండింటికి లేచి చూస్తే హాల్లో చీకట్లో కూర్చుని ఉంది. "నిద్ర పడ్తలేదు బిడ్డా, ఒక్క గోలీ ఇయ్యి" అంది. నేను ఇవ్వలేదు. రెండ్రోజులు ఓర్చుకో అమ్మా, మనవరాలిని చూడాలా వద్దా అన్నాను.

14న గురువారం గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది ఆ రోజే. పొద్దున టీ ఇస్తే కప్పు సాసర్ మీద టకటకా కొట్టుకుంది, సగం టీ చీర మీద పడింది. చలి మొదలైన రోజుల్లో మెడ మీద చెమటలు. కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడి నన్ను తిట్టింది, మా అమ్మ నన్ను తిట్టడం నేను పదో క్లాసులో చూశాను, మళ్ళీ అదే. గుండె దడదడ అంటోందంటే బీపీ చూశాను, 170 ఉంది, బీపీ గోలీ వేసి పడుకోబెట్టాను. లైటు వేయొద్దంది. సాయంత్రం గోడ వైపు చూపించి చీమలు బారులు కట్టాయంది. అక్కడ చీమలు లేవు. నేను ఏం చేశానో తెలుసా, దగ్గరికెళ్ళి గోడ తుడిచి, పోయినయ్‌లే అన్నాను. ప్రయాణం టెన్షన్, మొండితనం, నిద్రలేక నీరసం, ఇలా ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకున్నాను. ఆపిన మాత్ర ఇన్ని పనులు చేస్తుందని తట్టలేదు. ఆపేశాం కాబట్టి ఇక అది లేదు కదా అని నా లాజిక్.

15న ఉపవాసం ఉంటానంది, వద్దన్నా వినలేదు. సాయంత్రం ఆరు దాటాక తులసికోట దగ్గర ఉసిరికాయ దీపం, నేతిలో నానబెట్టిన 365 వత్తుల కట్ట. వత్తుల కట్టకి నేనే నిప్పంటించాను, అది బాగా అంటుకుంది కూడా. అమ్మ దండం పెట్టుకుంటూ ఒక్కసారిగా అరిచింది. ఏడుపు కాదు, మాట కాదు, గొంతులోంచి గాలి బయటికి తోసినట్టు ఒక శబ్దం. ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి పక్కకి ఒరిగింది, తర్వాత చేతులూ కాళ్ళూ కొట్టుకోవడం మొదలైంది. పెదాలు నీలంగా అయ్యాయి. చీర కొంగు మంటకి జానెడు దూరంలో ఉంది. మా అబ్బాయి, తొమ్మిదో క్లాసు, దీపాలున్న పళ్ళెం కాలితో అవతలికి తన్నాడు. నెయ్యంతా టైల్స్ మీద పోయింది. ఆ ఇంట్లో ఆ నిమిషంలో బుర్ర పనిచేసింది వాడొక్కడికే.

నేను కేకలు పెడితే పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి తాళాల గుత్తి అమ్మ చేతిలో పెట్టారు, నాలుక కరుచుకుంటుందని పళ్ళ మధ్య స్పూన్ తోయబోయారు. నేను ఆపలేదు, నాకూ చిన్నప్పటి నుంచి అదే తెలుసు. ముందుపన్ను ఒకటి సగం విరిగింది. ఆంటీ మంచికే చేశారు, ఇప్పటికీ ఎదురుపడితే ఆ పన్ను గురించే బాధపడతారు. మా ఆయన 108కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. అవతలి అమ్మాయి చాలా నెమ్మదిగా, నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి, తల కింద మెత్తటిది పెట్టండి, కొట్టుకోవడం ఆగగానే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నీళ్ళు తాగించకండి అని చెప్తూనే ఉంది. ఆ కాల్ నడుస్తుండగానే కొట్టుకోవడం ఆగింది. అంబులెన్స్ బయల్దేరిందన్నారు కానీ పైఫ్లోర్ అంకుల్ అప్పటికే కారు తీసేశారు, వాళ్ళకి చెప్పి మేం బయల్దేరాం.

కారులో నన్ను మా పిన్ని పేరు పెట్టి పిలిచింది. చీర తడిసిపోయింది, నోటి పక్క రక్తం. అరగంటదాకా నేనెవరో తెలియలేదు. ఫిట్స్ ఆగాక మనిషి కొంతసేపు అలా మత్తుగా, గందరగోళంగా ఉంటారని నాకు తెలియక పక్షవాతం అనుకుని ఏడుస్తూనే ఉన్నాను.

6:50కి ఎమర్జెన్సీకి చేరాం. వాళ్ళు ముందుగా చేసిన పని వేలు గుచ్చి షుగర్ చూడటం, 142 ఉంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి షుగర్ బాగా పడిపోయినా ఇలాగే వస్తుందట. తర్వాత డ్యూటీ డాక్టర్ అడిగారు, ఎన్ని నిమిషాలు కొట్టుకుంది? నేను పది, పదిహేను నిమిషాలన్నాను. ఆయన మొహం మారింది. మా ఆయన ఫోన్ చూపించారు, కాల్ చేసిన టైము 6:12, ఆగింది ఆ కాల్లోనే, మొత్తం రెండు రెండున్నర నిమిషాలు. ఆ తేడా వాళ్ళకి చాలా ముఖ్యమట. ఐదు నిమిషాలు దాటితే తనంతట తానే ఆగే అవకాశం తగ్గిపోతుంది, ఒక్క క్షణం ఆగకూడదు. మనకేమో రెండు నిమిషాలే గంటలా ఉంటుంది, అందుకే గడియారం చూడాలి.

ఏం మందులు వాడుతున్నారని అడిగారు. బీపీ మాత్ర, కాల్షియం అన్నాను. ముగ్గురు వేర్వేరుగా అడిగారు, ముగ్గురికీ అదే చెప్పాను. అబద్ధం చెప్పలేదు, ఆ రోజు అమ్మ వాడుతున్నవి అవే. సెలైన్లో లెవెటిరాసెటమ్ అనే ఫిట్స్ మందు ఎక్కించారు. 8:15కి తలకి సీటీ, నార్మల్. బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వాడేవాళ్ళలో కొందరికి ఒంట్లో సోడియం తగ్గి ఫిట్స్ వస్తాయని దాని మీద అనుమానపడ్డారు, 9:30కి రిపోర్ట్ వచ్చింది, 136, బాగానే ఉంది. అంతా బాగుందని ఊపిరి పీల్చుకుని నేను క్యాంటీన్‌కి వెళ్ళానో లేదో, 9:40కి రెండోసారి వచ్చింది. ఫిట్స్ మందు ఒంట్లోకి వెళ్ళాక కూడా. ఈసారి లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చారు, నేను పరిగెత్తుకొచ్చేసరికి కొట్టుకోవడం తగ్గిపోతోంది.

పదింటికి ఇంకో డాక్టరమ్మ వచ్చారు, నైట్ డ్యూటీ, చిన్నావిడే, నాకంటే పదేళ్ళు చిన్న ఉండొచ్చు. ఫైల్ చూసి, ఏ ఊరమ్మా మీది అన్నారు. నిజామాబాద్ పక్కన పల్లె అన్నాను.

"అమ్మకి కల్లు అలవాటుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టదు, ఏం మాట్లాడుతున్నారని గట్టిగానే అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. మీ వైపు కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్ కలుపుతారమ్మా, తాగేవాళ్ళు ఒక్కసారి మానేస్తే మూడు నాలుగు రోజుల్లో ఇలాగే చెమటలు, వణుకు, లేనివి కనిపించడం, ఫిట్స్ వస్తాయి, 2015లో కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు ఇవే కేసులతో నిండిపోయాయి, అందుకే అడిగాను అన్నారు.

ఆల్ప్రజోలామ్. ఆ పేరు నేను నా పట్టుచీరల కింద దాచాను. నోరు ఎండిపోయింది. "వేసుకునేది... మొన్న మంగళవారం మాన్పించాను" అన్నాను. ఆవిడ పెన్ను ఆపి నా వైపు చూసి, రోజుకి ఎన్ని అని మాత్రమే అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

మా ఆయన ఇంటికెళ్ళి స్ట్రిప్పులు తెచ్చారు. 0.5 మిల్లీగ్రాములవి, 15 మాత్రల స్ట్రిప్. స్ట్రిప్ మీద ఎర్ర అక్షరాలతో ఎన్‌ఆర్‌ఎక్స్ అని ఉంటుంది చూడండి, అలవాటుపడే మందు, చట్టం కంట్రోల్‌లో ఉండేది అని దానర్థం, నేను ఆ రాత్రే మొదటిసారి చూశాను. షాపు బిల్లు కూడా దొరికింది, నెలకి ఆరు స్ట్రిప్పులు. అంటే 90 మాత్రలు, రోజుకి మూడు. రాత్రి ఒకటి అనుకున్నాం కదా, పొద్దున ఒకటి, మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి కూడా వేసుకునేదట. ఎవరూ అడగలేదు కాబట్టి అమ్మ చెప్పలేదు.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. ఈ మాత్ర మెదడుని నెమ్మదింపజేస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే మెదడు దానికి ఎదురు బలం పెట్టుకుంటుంది, బరువు మోసేవాడు ముందుకి వంగి నడిచినట్టు. మాత్ర ఒక్కసారిగా తీసేస్తే బోర్లా పడతాడు. వేరే ఫిట్స్ మందు ఎక్కించినా రెండోసారి రావడానికి కారణం అదే, ఒంటికి కావల్సింది ఆ జాతి మందే. లోరాజెపామ్‌తో ఆగింది కదా, అది మీరు దాచిన మాత్రకి అక్క లాంటిది అన్నారు. అప్పుడు నవ్వు రాలేదు కానీ ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఒక రాత్రి ఐసీయూ, మూడు రాత్రులు వార్డు. ఎంఆర్ఐ, మెదడులో కరెంటు తీరు చూసే ఈఈజీ రెండూ చేశారు, పెద్దగా ఏమీ లేదన్నారు. ఖర్చు చెప్తాను, అడిగేవాళ్ళుంటారు: రాగానే అడ్వాన్స్ 30,000, మొత్తం బిల్లు 92,600, అందులో స్కాన్లూ ఈఈజీ కలిపి 14,000. అమ్మకి ఇన్సూరెన్స్ లేదు. తర్వాత పన్నుకి 6,000. విమానం టికెట్ 17,800కి కొన్నది 4,200 వెనక్కి వచ్చింది. 19న మంగళవారం మధ్యాహ్నం డిశ్చార్జ్, అదే రోజు రాత్రి అమ్మ ఫ్లైట్. 27న మనవరాలు పుట్టింది, అమ్మ వీడియో కాల్లో చూసింది, చూసి ఫోన్ నాకిచ్చి అటు తిరిగి పడుకుంది.

డిశ్చార్జ్ రోజు సిస్టర్ ఫైల్ వెనక పెన్నుతో రాసిచ్చింది మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది. ఎప్పుడు వెంటనే తీసుకురావాలి అంటే, జీవితంలో మొదటిసారి ఫిట్స్ వస్తే అది అర నిమిషం వచ్చినా సరే, ఐదు నిమిషాలు దాటితే, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి వస్తే, ఆగాక కూడా ఊపిరి సరిగ్గా ఆడకపోతే, తలకి దెబ్బ తగిలితే, గర్భిణీలకి, షుగర్ ఉన్నవాళ్ళకి వస్తే. దాని కింద ఇంకో లైను, "మందుల డబ్బా మొత్తం తేవాలి, ఆపినవి కూడా". ఆ చివరి రెండు మాటల కింద నేను గీత గీశాను. ఇంట్లో బాత్రూం గడియ లోపల వేసుకోవద్దన్నారు, దానికి అమ్మ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అప్పుడే డాక్టరమ్మ వేరే మందుల గురించి కూడా అడిగారు, నొప్పులకి ట్రమడాల్ వాడారా, ఉబ్బసానికి థియోఫిలిన్ వాడారా, ఈమధ్య ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ కోర్సు ఏమైనా అయిందా అని. కొందరికి వాటివల్ల కూడా వస్తాయట. ఇంటికొచ్చి మా మందుల డ్రాయర్ వెతికితే మా ఆయన నడుంనొప్పికి ఎప్పుడో ఎవరో ఇచ్చిన ట్రమడాల్ స్ట్రిప్ బయటపడింది, సగం వాడేసి ఉంది. డిప్రెషన్ మాత్రలతో కలిపి అది వేసుకుంటే ఫిట్స్ ప్రమాదం ఇంకా ఎక్కువని విన్నాక దాన్ని ఇంట్లో ఉంచలేదు.

ఫిట్స్ మందు రెండు వారాలు వాడించి ఆపేశారు, ఇది మూర్ఛరోగం కాదు, జీవితాంతం మందులు అక్కర్లేదన్నారు. ఈ ముక్క మా బంధువులకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "మీ పిన్నికి చెప్పకు" అని అమ్మ మొదట్లో రోజూ అనేది, ఇంట్లో పెళ్ళి కావల్సిన పిల్లలున్నారట. అసలు పని సైకియాట్రీ డాక్టర్ దగ్గర మొదలైంది. ఆల్ప్రజోలామ్ బదులు క్లోనజెపామ్ పెట్టారు, అది ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి తగ్గించడం తేలికట. రెండు మూడు వారాలకోసారి పదో వంతు మాత్రమే తగ్గించాలి. నేను ఆపడానికి వారం చాలనుకున్న మాత్ర అది, దగ్గర దగ్గర ఏడాది పని.

ఇక్కడ ఊహించనిది మెడికల్ షాపు. ఊళ్ళో తొమ్మిదేళ్ళు చిట్టీ లేకుండా ఇచ్చిన జాతి మందుకే ఇక్కడ చిట్టీతో వెళ్తే మూడు షాపులు లేదన్నాయి. నాలుగో షాపాయన ప్రిస్క్రిప్షన్ తేదీ చూసి, జిరాక్స్ తీసుకుని, అమ్మ పేరు రిజిస్టర్లో రాసుకుని, సరిగ్గా రాసినన్ని మాత్రలే ఇచ్చాడు. మొదట విసుగొచ్చింది కానీ ఊళ్ళో కూడా ఇలాగే ఇచ్చి ఉంటే, 2015లోనే 15 రోజులకి ఆగిపోయేది కదా అనిపించింది. ఒకసారి సంక్రాంతికి ఊరెళ్ళి, అయిపోతాయని చూసుకోలేదు, రెండే మాత్రలు మిగిలాయి. ఆ రాత్రి నాకు పట్టలేదు నిద్ర. అప్పటి నుంచి వారానికి సరిపడా ఎప్పుడూ అదనంగా ఉండేట్టు చూస్తున్నాం.

తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు చిరాకు, పాడు కలలు, తర్వాత సర్దుకునేది. మార్చిలో ఒకసారి తట్టుకోలేకపోయింది, డాక్టర్ ఆ మెట్టు మీదే ఇంకో నెల ఆపారు. వెనక్కి వెళ్ళినట్టు కాదు, నిలబడినట్టు అన్నారు. మాత్రల డబ్బా మాత్రం అమ్మ నా చేతికి ఇవ్వదు. తనే లెక్కపెట్టుకుంటుంది, తనే క్యాలెండర్ మీద టిక్కు పెడుతుంది, నేను ఆ గదిలోకి వెళ్తే డబ్బా దిండు కింద పెడుతుంది. నాకు బాధేస్తుంది, కానీ అడగను.

2025 జులైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు వార్తలు టీవీలో వస్తుంటే అమ్మ చాలాసేపు చూసి, నన్ను కల్లు తాగుతవా అని అడిగిన డాక్టరమ్మ ఏ ఆసుపత్రే, ఆమెకి ఒకసారి మన ఊరి పసుపు ఇచ్చి రావాలె అంది. ఇచ్చి వచ్చాం కూడా.

ఆగస్టుకి రాత్రిపూట పావు మిల్లీగ్రాముది సగం ముక్క దగ్గరికి వచ్చాం. తమ్ముడు మళ్ళీ టికెట్ తీశాడు. ఈసారి ముందే ప్రిస్క్రిప్షన్, డాక్టర్ లెటర్ పెట్టి యూఏఈ అనుమతికి అప్లై చేసి, వచ్చిన కాగితం మూడు కాపీలు తీసి, ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి సూట్‌కేసులో, ఒకటి అమ్మ జాకెట్లోకి మడిచి పెట్టుకునేట్టు చిన్నగా. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో వారం రోజులు ప్రాక్టీస్ చేయించాను, మందు పేరు పలకడంతో సహా. ఫ్లైట్ దిగిన గంటకి తమ్ముడి ఫోన్ నుంచి కాల్ వచ్చింది, వెనకాల పాప ఏడుపు వినిపిస్తోంది.

"అన్ని కాయితాలు మోస్కపోతి, ఒక్కడన్న అడగకపాయె బిడ్డా" అంది అమ్మ. బాగా నిరుత్సాహపడినట్టుంది.